బోదకాలు - సర్కారు లెక్కలు

మన సంఘం ప్రత్యేక సంచికలలో కరువుభత్యం బకాయిలు, మెడికల్ రీయింబర్స్‌మెంటు, కమ్యుటేషన్ వగైరా విషయాలు విధిగా ఉంటాయి. ఉండవలసినవే. అయితే జబ్బు చేస్తే బిల్లు పెట్టుకునే వీలు మనకుంది. ఆ వీలు లేని వాళ్ళకు సర్కారు ఏం చేసింది, అది ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న సంగతి కూడా ఒకసారి చూద్దామని ఈ వ్యాసం. ఇందుకు బోదకాలును మించిన ఉదాహరణ మన వైపు లేదు. పాత కరీంనగర్ జిల్లా మొత్తం ఆ వ్యాధి ఉన్న జిల్లాగా రికార్డుకెక్కింది. మన కథలాపూర్ 2016 అక్టోబర్‌లో జగిత్యాల జిల్లాలో కలిసింది గాని, దోమకు జిల్లాల హద్దులు తెలియవు కదా!

ఈ జబ్బు సంగతి శాస్త్రజ్ఞులకు చాలాకాలంగా తెలుసు. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ అనే వైద్యుడు మనిషి నెత్తుటిలో దీని పిల్ల పురుగులను చూశాడు. 1877లో చైనాలో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్ ఆ పురుగు దోమలో పెరుగుతుందని కనిపెట్టాడు. ఆ మాన్సన్ ప్రోత్సాహంతోనే రోనాల్డ్ రాస్ 1897లో మన సికిందరాబాదులో మలేరియా గుట్టు విప్పాడు. 1947 నాటికి డి.ఇ.సి. అనే మందు కూడా వచ్చింది. అంటే స్వాతంత్ర్యం వచ్చేనాటికి కారణమూ తెలుసు, మందూ తెలుసు. ఆ మందు మన పల్లెలో ఇంటింటికీ రావడానికి మరో యాభై ఏడేళ్ళు పట్టింది.

ఎందుకు పట్టిందో చెప్పుకోవాలి. 1955లో కేంద్ర ప్రభుత్వం జాతీయ ఫైలేరియా నియంత్రణ పథకం ప్రారంభించింది. మంచి పథకమే. కాని దాని యూనిట్లు, క్లినిక్కులు, మురుగు మీద మందు చల్లే సిబ్బంది అంతా ప్రధానంగా పట్టణాలకే. ఈ దోమ మురుగునీటిలో పెరుగుతుంది, మురుగు పట్టణంలో ఎక్కువ, కాబట్టి అక్కడ మొదలుపెట్టారు. కాగితం మీద తప్పు పట్టలేం. కాని ప్రమాదంలో ఉన్న జనంలో ఎక్కువమంది పల్లెల్లోనే ఉన్నారు. పైగా ఈ పురుగు రాత్రిపూట, ముఖ్యంగా పదింటి నుండి రెండింటి దాకా నెత్తుటిలో తిరుగుతుంది. పరీక్షకు నెత్తురు అప్పుడే తీయాలి. రాత్రి పదింటికి పల్లెకు వచ్చి, నిద్రపోయేవాళ్ళను లేపి, వేలు పొడిచి నెత్తురు తీసే సిబ్బంది ఎక్కడి నుండి వస్తారు? పరీక్ష లేదు కనుక కేసు లేదు, కేసు లేదు కనుక మంజూరు లేదు. దఫ్తరులో పనిచేసిన వాళ్ళకు ఈ చక్రం వివరించనక్కర లేదు.

ఇక జబ్బు ఎవరిని పట్టుకున్నదో చూడండి. మోరీ పక్కన ఇల్లున్నవాళ్ళను, దోమతెర కొనుక్కోలేనివాళ్ళను. మన కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతంలో వేలమంది ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి బీడీలు చేసి బతుకుతున్నారు. పొద్దస్తమానం కాళ్ళు ముడిచి కూర్చునే పని. వాచిన కాలుతో అలా కూర్చోవడమెంత బాధో వేరే చెప్పాలా? నాటుకు పోలేదు, కలుపుకు పోలేదు, బీడీలు ఒక్కటే మిగులుతాయి. పెళ్ళికాని పిల్లకు వస్తే ఇంట్లోవాళ్ళు చీర కిందికి కట్టించి దాస్తారు. మగవాళ్ళలో ఇది వరిబీజంగా వస్తుంది. ఆపరేషన్‌తో నయమయ్యేదే, అయినా సిగ్గుపడి ఏళ్ళకేళ్ళు మోస్తారు. దాచుకునే జబ్బుకు అర్జీ పెట్టేవాళ్ళుండరు.

2002 జాతీయ ఆరోగ్య విధానంలో 2015 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలని రాసుకున్నారు. ఆ గడువు తరువాత చాలాసార్లు జరిగి ఇప్పుడు 2027కు చేరింది. 2004 నుండి దేశంలో వ్యాధి ఉన్న జిల్లాలన్నిటిలో ఏటా ఒకసారి అందరికీ మాత్రలు ఇవ్వడం మొదలైంది. రెండేళ్ళలోపు పిల్లలు, గర్భిణీలు, తీవ్రంగా జబ్బుపడినవాళ్ళు తప్ప అందరూ మింగాలి. పెద్దలకు డి.ఇ.సి. మాత్రలు మూడు. తరువాత ఆల్బెండజోల్ కూడా కలిపారు. జనంలో కనీసం నూటికి 65 మంది, వరుసగా అయిదేళ్ళకు తక్కువ కాకుండా మింగితే వ్యాప్తి ఆగుతుందని లెక్క. పరీక్ష లేకుండానే, పేరు, కులం, కార్డు అడగకుండా ఇంటింటికీ వచ్చిన మందు ఇది. నా దృష్టిలో 1955 నాటి పథకం కంటే ఇది ఎంతో న్యాయమైనది.

చిక్కు తఖ్తాలో వచ్చింది. ‘పంచినవి’ అనే కాలమ్ నిండింది. ‘మింగినవి’ అన్నది వేరే లెక్క. ఈ రెంటికీ చాలా తేడా ఉందని దేశంలో పలుచోట్ల జరిగిన పరిశీలనల్లో తేలింది. పురుగున్నవాళ్ళకు మాత్ర వేశాక జ్వరం, తలతిరుగుడు రావచ్చు. మందు పురుగును చంపుతున్నదనడానికి అదే గుర్తు. కాని ముందుగా చెప్పేవాళ్ళు లేకపోతే ఒక్కరికి జ్వరం వచ్చినా వాడకట్టంతా మాత్రలు గూట్లో పెడతారు. చదువుకున్నవాళ్ళమూ తక్కువేమీ కాదు, ‘మాకెందుకు వస్తుంది’ అని తీసుకోము. అందుకే సిబ్బంది ఎదుటే మింగాలనే నియమం తెచ్చారు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఈ మాత్రలు వాచిన కాలును తగ్గించవు. పురుగు ఇంకొకరికి పాకకుండా ఆపుతాయి. కార్యక్రమం విజయాన్ని కొలిచేది నెత్తుటిలో పురుగున్నవాళ్ళ శాతాన్ని బట్టి. కాలు బాగా వాచినవాళ్ళలో చాలామందికి నెత్తుటిలో పురుగే కనిపించదు. అందుచేత ఒక జిల్లాలో వ్యాధి పోయిందని రాసుకున్న రోజున కూడా, వాచిన కాళ్ళవాళ్ళు ఆ జిల్లాలోనే ఉంటారు. పిల్లలకు మేలు జరిగింది, తల్లికి ఏం జరిగింది? ఆమెకు కావలసింది రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ళ సందులు ఆరబెట్టి, పుండ్లకు పూత వేసుకోవడం, మెత్తటి చెప్పులు. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో మొదలుపెట్టిన కార్యక్రమంలో ఇది మొదటినుండీ రెండో భాగం, కాని మాత్రల తరువాతే దీనికి వంతు వచ్చింది. మన రాష్ట్రంలో 2018లో బోదకాలు బాధితులకు నెలకు వెయ్యి రూపాయల పింఛను ఇచ్చారు, 2019లో 2,016 చేశారు. జబ్బు పోయిందా అని కాక, మనిషి ఎలా బతుకుతున్నాడని చూసిన పని అది. మన ఫ్యామిలీ పెన్షన్‌తో పోల్చి చూసుకుంటే అదెంత చిన్న మొత్తమో మనకే తెలుస్తుంది.

నీళ్ళ సంగతీ ఇందులోదే. మిషన్ భగీరథ నల్లా ఇంటి ముందుకు వస్తే వాచిన కాలుతో బిందె మోసే బాధ తగ్గింది, కాలు కడగడానికి నీళ్ళూ దొరికాయి. ఆ నీళ్ళు పోయే మోరీ లేనిచోట మాత్రం గుంట నిలుస్తుంది, దోమ పెరుగుతుంది. సెప్టిక్ ట్యాంకు గొట్టానికి జాలీ కట్టకపోయినా అంతే.

చైనాలో ఇదే డి.ఇ.సి.ని ఉప్పులో కలిపి పంచారు. ధనికుడు, పేద అందరి కూరలోకీ ఒకే ఉప్పు పోయింది, తలుపు తట్టి బతిమాలే పని తప్పింది. 2007లో ఆ దేశంలో వ్యాధి పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకున్నది. శ్రీలంకకు 2016లో ఆ గుర్తింపు వచ్చింది. మన దగ్గర మాత్రలు ఇచ్చే రోజు వస్తే ఖాళీ కడుపుతో వేసుకోకూడదు. ఏమైనా తిని, ఆశా కార్యకర్త ఎదుటే వేసుకోవాలి. బీపీ, షుగర్ అదుపులో ఉన్నవాళ్ళూ వేసుకోవచ్చు, అనుమానముంటే డాక్టరును అడగాలి.