రచ్చబండ, పఠనాలయం, సంఘం గది: ఖమ్మం–భద్రాచలం సీమలో ఉమ్మడి వేదికల పుట్టుపూర్వోత్తరాలు

ఊళ్లో పిన్నలూ పెద్దలూ ఒకచోట కూర్చునే వేదికకు ఖమ్మం–భద్రాచలం సీమలో రెండు మూలాలున్నాయి. మైదానంలో అది పఠనాలయంగా పుట్టింది. అడవి ఊళ్లలో పండుగ, వేట, పెద్దల పంచాయితీ అనే మూడు పనుల చుట్టూ అల్లుకుంది. ఈ రెండు పాయలూ చాలాకాలం విడివిడిగా సాగడానికి పాలన కూడా ఒక కారణం. ఖమ్మం, మధిర, ఇల్లెందు, పాల్వంచ ప్రాంతాలు నిజాం రాజ్యపు వరంగల్ జిల్లాలో ఉండేవి. భద్రాచలం 1874 వరకు సెంట్రల్ ప్రావిన్సెస్‌లోనూ, ఆ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి ఏజెన్సీలోనూ ఉండేది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పుగోదావరి నుంచి వచ్చి అందులో కలిశాయి.

అడవి ఊరి కూడిక

కోయ ఊళ్లలో పిన్నలను, పెద్దలను కలిపింది పని. ఊరి పెద్ద, పూజారి తిథి నిర్ణయిస్తే విత్తనాల పండుగ మొదలవుతుంది. మగవాళ్లు వేటకు వెళతారు. ఆడపిల్లలు దారికి అడ్డం నిలిచి వచ్చేపోయేవారి దగ్గర పండుగ చందా వసూలు చేస్తారు. కొమ్ముల తలపాగాతో డోలు కొట్టేది పురుషులు, చేతులు పట్టుకుని రేల నృత్యం ఆడేది స్త్రీలు. అడుగు ఎలా వేయాలో, పాట ఎక్కడ ఎత్తుకోవాలో పిల్లలు ఆ వరుసలో నిలబడే నేర్చుకుంటారు.

పెళ్లి సంబంధం కుదరాలంటే గట్టు (వంశ శాఖ), ఇలవేల్పు తెలియాలి. ఒకే గట్టు వాళ్లు అన్నదమ్ములతో సమానం కాబట్టి వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. ఆ లెక్క పెద్దల నోట ఉండేది. వేల్పుల కథలను డోలి కళాకారులు పాడి నిలబెట్టారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ గాయకుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. సమ్మక్క సారలమ్మల చరిత్రతో పాటు ఎన్నో గాథలు ఆయన నోటనే నిలిచాయి.

సరిహద్దు అవతలి బస్తర్‌లో మురియా గోండులకు ఘోటుల్ అనే యువజన గృహం ఉండేది. వెరియర్ ఎల్విన్ 1947లో దానిపై పెద్ద గ్రంథమే వెలువరించాడు. అది పెళ్లికాని యువతీయువకుల సొంత లోకం, పెద్దలు అందులో జోక్యం చేసుకునేవారు కారు. భద్రాచలం కోయల పద్ధతి వేరు. ఇక్కడ పండుగ, పంచాయితీ అన్ని వయసులవారికీ ఒక్కటే.

మైదానంలో పఠనాలయం

నిజాం పాలనలో కచేరీ భాష ఉర్దూ. తెలుగు బడులు అరుదు. తెలుగు చదవాలనుకునేవారికి గ్రంథాలయమే బడి అయింది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు తదితరుల చొరవతో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. ఆ ఒరవడిలోనే జిల్లాల్లో పఠనాలయాలు మొదలయ్యాయి. నిజాం రాష్ట్ర ఆంధ్ర గ్రంథాలయ మహాసభ మొదటిసారి 1925లో మధిరలో జరిగింది. 1928లో సూర్యాపేట సభకు వామన్ నాయక్ అధ్యక్షత వహించారు.

ఈ పఠనాలయాల్లో పని వయసును బట్టి పంచుకున్నట్టు సాగేది. గది, చందా, పలుకుబడి వకీళ్లవి, వర్తకులవి, భూస్వాములవి. పత్రికలు తెప్పించడం, పుస్తకాలు ఇంటింటికీ తిప్పడం, రాత్రి బడి నడపడం కుర్రవాళ్ల వంతు. అక్షరం రానివారు చుట్టూ కూర్చుంటే ఒకరు పత్రిక చదివి వినిపించేవారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి ప్రారంభించిన గోలకొండ పత్రిక అలా చదువు రానివారి చెవులకు కూడా చేరింది.

సర్కారు దీన్ని అనుమానంగానే చూసింది. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ప్రకారం సభ జరపాలంటే ముందుగా అనుమతి కావాలి. రాజకీయ సభకు తలుపు మూసుకుపోవడంతో గ్రంథాలయ వార్షికోత్సవమే జనం కలిసే సందర్భమైంది. నిజాం రాజ్యంలోని తెలుగువారి వేదికగా 1930లో జోగిపేటలో సురవరం అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభ 1934లో ఖమ్మంలో సమావేశమైంది. 1945లో మళ్లీ ఖమ్మంలోనే రావి నారాయణరెడ్డి అధ్యక్షతన కూడింది. అప్పటికి పల్లె జనం దాన్ని ‘సంఘం’ అని పిలుస్తున్నారు. పుస్తకాల చుట్టూ చేరిన జనం వెట్టి గురించీ, భూమి గురించీ మాట్లాడే జనంగా మారారు.

బొగ్గుగనుల ఊళ్లలో ఇంకో నమూనా వచ్చింది. ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. గనితో పాటే క్వార్టర్లు, క్లబ్బులు, ఆటస్థలాలు వచ్చాయి. ఇక్కడ కూడిక కులాన్ని, ఊరిని బట్టి కాక కొలువును బట్టి జరిగింది. తర్వాతి కాలంలో సింగరేణి సేవా సమితి కార్మిక కుటుంబాల యువతకు, మహిళలకు వృత్తి శిక్షణ ఇచ్చే పని చేపట్టింది.

సర్కారు చేతికి వచ్చాక

స్వాతంత్ర్యం తర్వాత ఈ వేదికల బాధ్యత చాలావరకు ప్రభుత్వానికి మారింది. 1952 అక్టోబరు 2న ప్రారంభమైన సమాజ వికాస పథకం ఊరూరా యువజన సంఘాలు, మహిళా మండళ్లు, పంచాయతీ రేడియోలు తెచ్చింది. 1955లో హైదరాబాదు గ్రంథాలయ చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టం వచ్చాయి. ఇంటిపన్నుపై వసూలయ్యే గ్రంథాలయ పన్నుతో జిల్లా గ్రంథాలయ సంస్థలు నడుస్తున్నాయి. 1972లో నెహ్రూ యువ కేంద్రాలు, 1978లో జాతీయ వయోజన విద్యా కార్యక్రమం, 1988లో అక్షరాస్యతా మిషన్ వరుసగా వచ్చాయి. అక్షరాస్యత తరగతి ఎంత దూరం పోగలదో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట చూపింది. అక్కడి మహిళల సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది.

ఈ క్రమంలోనే ఒక చీలిక వచ్చింది. యువతకు ఒక శాఖ, మహిళలకు ఒకటి, వృద్ధులకు ఇంకొకటి అయ్యాయి. వయోవృద్ధుల జాతీయ విధానం 1999లో, తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చాయి. పట్టణాల్లో విశ్రాంత ఉద్యోగులు సొంత సంఘాలు పెట్టుకున్నారు. ఎవరి నిధి వారికి దక్కింది కానీ, ఒకే గదిలో తాత పత్రిక వింటుంటే మనవడు చదివే ఏర్పాటు సడలింది. ఏజెన్సీలో ఇదే మార్పు మరో రూపంలో వచ్చింది. ఆశ్రమ పాఠశాలలు గిరిజన పిల్లలకు చదువు, తిండి, వసతి ఇచ్చాయి. అదే సమయంలో వాళ్లను ఏడాదిలో ఎక్కువ నెలలు ఊరికి, పెద్దల పాటకు దూరంగా ఉంచాయి.

మళ్లీ ఒకే సభలో

విడిపోయిన వయసులను కలపడానికి గట్టి ఆధారం చట్టం నుంచే వచ్చింది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు అధికారాలిచ్చింది. ఓటరు జాబితాలో పేరున్న ప్రతివారూ అందులో సభ్యులే. పద్దెనిమిదేళ్ల అమ్మాయికీ, ఎనభై ఏళ్ల పూజారికీ సమాన స్థానం. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకో అడుగు వేసింది. పోడు భూమి దావాకు, దరఖాస్తుదారు కాని ఊరి పెద్దల వాంగ్మూలాన్ని రాతపూర్వకంగా నమోదు చేస్తే అది సాక్ష్యంగా చెల్లుతుందని 2008 నియమాలు చెబుతున్నాయి. ఆ భూమి ఎవరు, ఎప్పటి నుంచి దున్నుతున్నారో పెద్దలకు తెలుసు. దాన్ని కాగితం మీద పెట్టడం చదువుకున్న పిల్లల చేతి పని. ఒకరు లేకుండా మరొకరి పని సాగదు.

2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా ఖమ్మం జిల్లాలోని కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. పునరావాస కాలనీలకు తరలే ఊళ్లకు ఇల్లు, పొలంతో పాటు రచ్చబండ సమస్య కూడా ఉంది. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూలు దీన్ని గుర్తించింది. పునరావాస ప్రాంతంలో ప్రతి యాభై కుటుంబాలకు జనం కూడేందుకు చెట్టు కింద అరుగో, చావిడో ఉండాలని, గిరిజనుల సంప్రదాయ సంస్థలకు విడిగా స్థలం కేటాయించాలని అందులో ఉంది.

ఈ సీమ చరిత్రను బట్టి చూస్తే, పిన్నలకూ పెద్దలకూ కలిపి ఒక పని ఉన్నంతకాలమే వేదిక బతికింది. పత్రిక చదవడం, పండుగ చేయడం, దావా రాయడం ఆ పనికి కాలానికో రూపం. భవనం కట్టడం ప్రభుత్వం చేయగలదు. ఆ పనిని నిలబెట్టుకోవలసింది ఊరే.