పుట్టుపేరు వదిలేసిన వయసు: పంక్ రాక్, దిగంబర కవులు, ముత్తంగి పిల్లలు

కోపంగా వినిపించే సంగీతం కుర్రవాళ్లను చెడగొడుతుందా, ఒక్కటి చేస్తుందా? 1976లో లండన్‌లో పంక్ రాక్ సంచలనమైనప్పటి నుంచీ ఈ వాదన సాగుతూనే ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం నుంచి షార్మన్, డింగిల్ 2015లో ఒక ప్రయోగం ప్రచురించారు. 18-34 ఏళ్ల మధ్య ఉన్న 39 మంది మెటల్ అభిమానులకు ముందు కోపం తెప్పించి, కొందరికి వాళ్లకిష్టమైన పాటలు వినిపించారు, మిగతావాళ్లను మౌనంగా కూర్చోబెట్టారు. పాటలు కోపాన్ని పెంచలేదు, విన్నవాళ్లలో హుషారు పెరిగింది. అయితే మౌనంగా కూర్చున్నవాళ్ల కోపమూ తగ్గింది. పైగా అందరూ అప్పటికే అభిమానులు. స్నేహం సంగతి ఈ ప్రయోగంతో తేలదు.

అందుకు మన దగ్గరి ఆధారమే మేలు. పంక్‌కు పదకొండేళ్ల ముందు, 1965లో, హైదరాబాద్ కేంద్రంగా, పాటలతో కాకపోయినా అలాంటి కోపంతోనే కవిత్వం రాసిన దిగంబర కవులు వచ్చారు. కుంభం యాదవరెడ్డి నిఖిలేశ్వర్ అయ్యారు, బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజు అయ్యారు, వీరవల్లి రాఘవాచార్యులు జ్వాలాముఖి అయ్యారు. నగ్నముని, మహాస్వప్న, భైరవయ్యలతో ఆరుగురు. పేరు మారడంతో రెడ్డి, ఆచార్యులు అన్న కులం గుర్తులూ రాలిపోయాయి. వారాలకూ రుతువులకూ సొంత పేర్లు పెట్టుకున్నారు. తొలి సంపుటిని రిక్షా కార్మికుడు పాండు చేత అర్ధరాత్రి ఆవిష్కరింపజేశారు. రెండోదాన్ని 1966లో విజయవాడలో హోటల్ కార్మికుడు జంగాల చిట్టి, మూడోదాన్ని 1968లో విశాఖపట్నంలో బిచ్చమెత్తుకునే యశోద ఆవిష్కరించారు. లండన్‌లో జాన్ లైడన్ జానీ రాటన్ అయిన తీరు దీన్ని గుర్తుచేస్తుంది. పోలిక ఉన్నంత మాత్రాన ప్రభావం ఉన్నట్టు కాదు. వీళ్లు టీనేజీ వాళ్లూ కాదు: 1965లో చెరబండరాజుకు 21 ఏళ్లు, నిఖిలేశ్వర్‌కు 27.

నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది తర్వాతి కథ. 1970లో విప్లవ రచయితల సంఘం (విరసం) ఏర్పడినప్పుడు నలుగురు అందులో చేరారు. మహాస్వప్న, భైరవయ్య చేరలేదు. జట్టు విడిపోయింది, పేర్లు మాత్రం నిలిచాయి. 1982లో కన్నుమూసేదాకా చెరబండరాజు చెరబండరాజే. కాబట్టి స్నేహాన్నీ గుర్తింపునూ ఒకే గాటన కట్టడం పొరపాటు. రెండోది మొదటిదానికంటే ఎక్కువ కాలం బతకగలదు.

ఆరుగురూ మగవాళ్లే. బర్మింగ్‌హామ్ పరిశోధకులు యువజన సంస్కృతులపై చేసిన అధ్యయనాల్లోనూ ఇదే లోటు ఉందని ఏంజెలా మెక్‌రాబీ, జెన్నీ గార్బర్ 1976లోనే ఎత్తిచూపారు: వీధిలో కనిపించే అబ్బాయిలనే లెక్కపెట్టారు, ఇంటి గదుల్లో పాటల చుట్టూ అల్లుకున్న అమ్మాయిల స్నేహాలు లెక్కలోకి రాలేదు.

ఇక ఇప్పటి పిల్లల సంగతికి వస్తే, హైదరాబాద్ శివార్లలో ముంబై హైవే ఔటర్ రింగ్ రోడ్డును కలిసేచోట ఉన్న ముత్తంగిలో పంక్ బ్యాండ్ కోసం వెతకడం కంటే, ఊరి పిల్లలూ ఫ్యాక్టరీ పనులకు ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలూ ఏ పాట దగ్గర కలుస్తున్నారో అడగడం మంచిది. బోనాల తీన్మార్ దగ్గర అబ్బాయిలను పలకరించి ఊరుకుంటే బర్మింగ్‌హామ్ లోటే మళ్లీ ఎదురవుతుంది. అద్దె గదుల్లో ఒకే ఫోన్‌లో పాటలు వినే అమ్మాయిలనూ అడగాలి. అయిదేళ్లు పోయాక ఆ పిల్లల దగ్గరికే మళ్లీ వెళ్లి, ఆ స్నేహితుల్లో ఎవరు మిగిలారో, అప్పుడు తమకు తాము పెట్టుకున్న పేర్లేమైనా ఉంటే వాటితో ఇంకా ఎవరు పిలుస్తున్నారో రాసుకోవాలి.