లింకు సరుకు

మొన్న మా బాబాయి యూరియా కోసం వెళ్ళి, రెండు బస్తాలతో పాటు ఒక జింకు పాకెట్టూ, నోరు తిరగని పేరున్న సీసా ఒకటీ మోసుకొచ్చాడు. "అవెందుకు బాబాయ్?" అంటే, "లింకే అమ్మాయ్! అవి తీసుకుంటేగాని యూరియా ఇవ్వడట" అన్నాడు. పర్చూరు, చిలకలూరిపేట వైపు నల్లరేగళ్ళలో పత్తీ మిరపా వేసే ఇళ్ళలో ఈ లింకు మాట తెలియని వాళ్ళుండరు. ఆ సీసా ఇంకా వసారా గూట్లోనే ఉంది.

ఆ వారంలోనే నాకూ లింకు సరుకు తగిలింది. నా పాత కంప్యూటర్లో మా అబ్బాయి లినక్స్ పెట్టాడు. డబ్బిచ్చి కొనక్కర్లేని వ్యవస్థ కదా అని సంతోషించాను. తెలుగు అక్షరాలు కావాలంటే భారతీయ లిపులన్నిటికీ కలిపిన ప్యాకేజీ ఎక్కించాడు. తిరుమల కృష్ణ దేశికాచారి గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు వచ్చాయి. వాటి వెనకే బెంగాలీ, గుజరాతీ, ఒరియా, మలయాళం! "ఇవన్నీ ఎవరడిగార్రా?" అంటే "డిపెండెన్సీలమ్మా" అన్నాడు. అంటే లింకేనన్నమాట. తమాషా ఏమిటంటే, ప్రోగ్రాములు రాసేవాళ్ళు కూడా ఒకదానికొకటి తగిలించడాన్ని లింకు చెయ్యటమనే అంటారు.

దీని పుట్టుపూర్వోత్తరాలు వినండి. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ అనే అమెరికా కుర్రాడు డెబియన్ అనే లినక్స్ కూర్పు మొదలుపెట్టాడు. తను పెళ్ళాడబోయే డెబ్రా పేరులో కాస్తా, తన పేరూ కలిపి అలా పెట్టాడు. (ఆడదాని పేరు ముందుండటం నాకు నచ్చింది.) వేలమంది రాసిన ప్రోగ్రాములు ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి గనక, ప్రతి ప్యాకేజీ మీదా దానికేం కావాలో రాసిపెడతారు. పప్పు వండటానికి కందిపప్పు లేకపోతే కుదరదు, ఇంగువ ఉంటే మంచిది, అప్పడం మీ ఇష్టం. అలా మూడు తరగతులు. 2009లో వచ్చిన డెబియన్ నుంచి, ఆ "ఉంటే మంచిది" రకం కూడా అడక్కుండానే రావటం మొదలైంది. వద్దనుకునేవాళ్ళు పనిగట్టుకుని వద్దని చెప్పాలి.

వెంట వచ్చిందల్లా దండగ అనీ అనలేం. 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు, 450 గ్రాముల విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజల పాకెట్టు ఇచ్చేవారు, చేను చుట్టూ వెయ్యమని. మనవాళ్ళు చాలామంది పారేశారు. తర్వాత గులాబీ పురుగు బీటీని లెక్కచెయ్యకుండా పోవటానికి అదీ ఒక కారణమంటారు.

కానీ 2024లో జరిగింది వింటే ఒళ్ళు జలదరిస్తుంది. ఎక్కడో ఉన్న కంప్యూటర్లోకి భద్రంగా ప్రవేశించటానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అనే ప్రోగ్రాము ఉంది. వీధి తలుపనుకోండి. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్‌తో దానికి పనే లేదు. అయితే, ఆ తలుపు "నేను సిద్ధం" అని సిస్టమ్‌డీ అనే పెత్తందారుకి కబురు పంపాలని, డెబియన్, ఫెడోరా వంటి వాళ్ళు తమ కూర్పుల్లో సిస్టమ్‌డీ లైబ్రరీని దానికి తగిలించారు. ఆ లైబ్రరీ తన వెంట ఎక్స్‌జెడ్‌ని తెచ్చుకుంది. కోడలితో పాటు ఆమె మేనత్త కూడా కాపురానికొచ్చినట్టు!

ఆ ఎక్స్‌జెడ్‌ని జీతం భత్యం లేకుండా ఏళ్ళ తరబడి చూస్తున్నది లాసె కాలిన్ అనే ఒక్కడు. అతను అలిసిపోయి ఉన్నప్పుడు, "జియా టాన్" అనే పేరుతో ఎవరో సాయానికొచ్చారు. రెండేళ్ళకు పైగా నమ్మకంగా పనిచేసి, 2024 ఫిబ్రవరి కూర్పులో దొంగదారి దాచిపెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరుకి, లోపలికి వెళ్ళటానికి మామూలు కంటే అరసెకను ఆలస్యమవుతోందని అనుమానం వచ్చింది. తవ్వి తీసి, మార్చి 29న లోకానికి చెప్పాడు. అప్పటికది డెబియన్, ఫెడోరాల ప్రయోగ కూర్పుల్లోకి చేరింది గాని, జనం రోజూ వాడే డెబియన్ స్థిర కూర్పులోకి ఇంకా రాలేదు.

నాకు ఒళ్ళు మండింది ఆ తర్వాతి సంగతికి. 2024 జూలైలో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8 ఆ కబురేదో తనే పంపుకోవటం నేర్చుకుంది. లైబ్రరీ అక్కర్లేదు, చిన్న కోడు చాలింది. ఆ కాస్త కబురు కోసమా, అంత బలగాన్ని వీధి తలుపు దగ్గర కూర్చోబెట్టింది!