పోపుల డబ్బాలో డబ్బు ఎవరిది?

అమ్మమ్మ పోయాక అటక మీది సామాను దించుతుంటే తాతయ్య పద్దు పుస్తకాలు దొరికాయి. 1958 నుంచి పదేళ్ళవి. ఆయన నెల్లూరు జిల్లాలో బడిపంతులు. ఒకవైపు జీతం జమ, రెండోవైపు ఖర్చులు: పాలు, బియ్యం, కిరసనాయిలు, మా అమ్మ బడి ఫీజు, క్షవరం, తన ముక్కుపొడుం. ప్రతి ఒకటో తారీఖునా తప్పకుండా ఒక వరస ఉంటుంది: ‘ఇంటి ఖర్చుకు ఇచ్చినది’. ఎవరికి ఇచ్చాడో పేరుండదు. ముక్కుపొడానికి పద్దు ఉంది గానీ, పదేళ్ళలో అమ్మమ్మ పేర ఒక్క పద్దూ లేదు.

మరి ఆవిడ దగ్గర డబ్బుల్లేవా? ఉండేవి, పోపుల డబ్బాలో జీలకర్ర కింద. పండక్కి మా పిల్లలకిచ్చే నోట్లు ఇంగువ వాసన కొట్టేవి. తాతయ్య నవ్వుతూ ‘దొంగ సొమ్ము’ అనేవాడు. ఆవిడా నవ్వేది. ఆ మాట నాకిప్పుడు గుచ్చుకుంటోంది. ఇచ్చినదాంట్లో ఒబ్బిడిగా వాడి మిగిల్చుకుంటే అది దొంగ సొమ్మెలా అవుతుంది?

తాతయ్య సరదాకి అన్నమాటే ఇంకోచోట కోర్టు తీర్పు. 1943లో ఇంగ్లండులో బ్లాక్‌వెల్ దంపతుల కేసు అప్పీలు కోర్టు దాకా వెళ్ళింది. భర్త ఇంటి ఖర్చుకిచ్చిన డబ్బులోంచి మిగిల్చి, భార్య సహకార సంఘంలో తన పేర వంద పౌండ్ల పైచిలుకు దాచుకుంది. విడిపోయాక అదెవరిదన్న తగువొచ్చింది. భర్తదే అంది కోర్టు. ఇంటికోసం ఇచ్చాడు కాబట్టి మిగిలిందీ ఆయనదేనట! నిజానికి అక్కడ పెళ్ళైన ఆడవాళ్ళకి సొంత ఆస్తి హక్కు 1882 చట్టంతోనే వచ్చింది. ఆమె సంపాదిస్తే ఆమెది, ఇల్లు నడిపి మిగిలిస్తే మాత్రం ఆయనది. 1964లో ఇంకో చట్టం వచ్చాక గానీ ఆ మిగులు చెరిసగం కాలేదు.

మన దగ్గర స్త్రీధనం అన్న మాట పాతదే. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్, ఆడమనిషి స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమెనే పూర్తి హక్కుదారుని చేసింది. తాతయ్య పుస్తకాలు మొదలైంది ఆ తర్వాత రెండేళ్ళకి. చట్టం సంగతి మా వంటింటికి తెలియలేదు.

మా జిల్లాలోనే కూలికెళ్ళే ఆడవాళ్ళ లెక్క వేరు. వాళ్ళకి సొంత సంపాదన ఉంది, దాన్ని చేతిలో నిలవనిచ్చే ఇల్లే లేదు. మగవాడి కూలీ సారా కొట్టుకే పోయేది, చాలకపోతే ఆమె కూలీ కూడా. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారాకి ఎదురు తిరిగారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. దాన్ని మద్యం మీద పోరాటం అంటాం గానీ, నాకది ఇంటి బడ్జెట్ మీద పోరాటంగా కూడా కనిపిస్తుంది. ఎందుకంటే ఆ వెంటనే నెల్లూరులో పుట్టింది ‘పొదుపు లక్ష్మి’. రోజుకో రూపాయి చొప్పున దాచుకోవడం. దాచుకోవడం వాళ్ళకేం కొత్త కాదు. కొత్తదల్లా నలుగురి ముందూ, తమ పేరు రాసుకుని దాచుకోవడం.

మా ఇంట్లో మాత్రం డబ్బు ఇంకా డబ్బాలోనే ఉంది. 2016 నవంబర్ 8న అయిదొందలు, వెయ్యి నోట్లు రద్దయ్యాయి. రెండ్రోజులాగి అమ్మ చీరల మడతల్లోంచి ఒక కట్ట తీసి నాన్న ముందు పెట్టింది. గృహిణులు దాచుకున్నది రెండున్నర లక్షల దాకా బ్యాంకులో వేస్తే ఆరా తీయమని ప్రభుత్వం చెప్పింది. ప్రభుత్వం అడగనన్న ప్రశ్నని నాన్న అడిగాడు: “ఇంత డబ్బు నీకెక్కడిది?” అమ్మ ఏమీ మాట్లాడలేదు. తప్పు చేసినదానిలా నిలబడింది. నేనూ అక్కడే ఉన్నాను. ముప్ఫై ఏళ్ళు ఇల్లు నడిపిన జీతం అది నాన్నా, అనొచ్చు. అనలేదు.

ఇప్పుడు మా ఆయనా నేనూ ఎక్సెల్ షీట్‌లో లెక్కలు రాసుకుంటాం. ‘సొంత ఖర్చు’ అని ఇద్దరికీ చెరో కాలమ్, ఇద్దరికీ సమానం. నేనే పట్టుబట్టి పెట్టించాను. మొదటి నెల నా కాలమ్‌లో ఎనిమిది వందలు మిగిలితే, చెయ్యి దానంతటదే వాటిని కూరగాయల పద్దులోకి మార్చేసింది. నన్నెవరూ అడగలేదు. గమనించుకుని వెనక్కి తెచ్చి నా పేరు కింద రాసుకోవడానికి ఇంకో నెల పట్టింది.