తెల్లబడిన అరచేతులు: పిల్లల్లో రక్తహీనత, నిన్నటి నుంచి నేటి దాకా

ఈ ఏడాది నివేదికలో పొదుపు, అప్పుల లెక్కలతో పాటు ఆరోగ్యం మీద కూడా ఒక వ్యాసం ఉండాలని అనుకున్నాం. నేను పదో తరగతి చదివినదాన్ని, డాక్టర్ని కాదు. మా ఇంట్లో జరిగిందీ, ఆ తరవాత తెలుసుకున్నదీ రాస్తున్నాను.

మా పెద్దగుంట రెండో తరగతిలో ఉన్నప్పుడు బడి నుంచి రాగానే పడుకుండిపోయేది. అన్నం సగంలో వదిలేసేది. బలపం ముక్కలు, గోడ సున్నం నోట్లో వేసుకునేది. బద్ధకం అని తిట్టాను, బలపం తిన్నందుకు రెండు దెబ్బలు కూడా వేశాను. ఒకరోజు ఆశా కార్యకర్త వచ్చి, "గుంట అరచెయ్యి నీ చేతి పక్కన పెట్టు" అంది. పెట్టాను. రెండూ ఒకేలా ఉన్నాయి. "బాగానే ఉంది కదా" అన్నాను. ఆమె తన చెయ్యి కూడా పక్కన పెట్టింది. అప్పుడు తెలిసింది, మా ఇద్దరి చేతులూ పాలిపోయి ఉన్నాయని. పరీక్ష చేయిస్తే గుంటకి హిమోగ్లోబిన్ 8, నాకు 9.

ఈ జబ్బు కొత్తది కాదు. ఆయుర్వేదంలో దీన్ని పాండురోగం అన్నారు. పాండు అంటే పాలిపోయిన రంగు. ఇనుముతో చేసిన మందులు అప్పుడే వాడేవారు.

మన పొందూరుకి నూలు వల్ల పేరొచ్చింది. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, సన్న నూలు వడికింది మన ఆడవాళ్ళే. రక్తహీనత కథలో కూడా నూలు పని చేసేవాళ్ళే ఉన్నారు. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో రక్తం బాగా తగ్గిపోయి, ప్రాణం మీదకి వచ్చేది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయి వచ్చారు. జబ్బుకి కారణం ఏ పురుగో అని వెతికారు, దొరకలేదు. అప్పుడు వాళ్ళు ఏం తింటున్నారో చూశారు. తిండిలో కూరగాయలు, పళ్ళు, మాంసం దాదాపు లేవు. ఈస్టుతో చేసిన ఒక పదార్థం ఇస్తే కోలుకున్నారు. ఆ సంగతి 1931లో ప్రచురించారు. 1941లో పాలకూర జాతి ఆకు నుంచి అలాంటి పదార్థాన్నే వేరు చేసి ఫోలిక్ ఆమ్లం అన్నారు. ఇవాళ ఐరన్ మాత్రలో ఇనుముతో పాటు ఉన్నది అదే.

మన దేశంలో 1970లో గర్భిణులకీ, చిన్నపిల్లలకీ ఐరన్, ఫోలిక్ మాత్రలిచ్చే పథకం మొదలైంది. 1975లో అంగన్‌వాడీలు వచ్చాయి. 2018లో రక్తహీనత లేని భారత్ పేరుతో మళ్ళీ గట్టిగా మొదలుపెట్టారు. అయినా 2019–21 జాతీయ సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తం తక్కువే. అంతకు ముందు సర్వేలో 58 పైచిలుకు. అంటే తగ్గలేదు, పెరిగింది.

ఎందుకని? మా మామ్మ కాలంలో పొద్దున్నే చోడి అంబలి, గంటెల అన్నం. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యం ఎన్నో ఇళ్ళ ఆకలి తీర్చింది, దాన్ని తప్పు పట్టను. కానీ పాలిష్ బియ్యంలో ఇనుము బాగా తక్కువ. గంటెలు, ఆకుకూర కంచంలోంచి పోయి తెల్లన్నమే మిగిలితే రక్తం ఎక్కడ నుంచి వస్తుంది? దానికి తోడు చెప్పుల్లేకుండా తిరిగితే కాళ్ళలోంచి కొంకిపురుగులు దూరి, పేగుల్లో చేరి రక్తం తాగుతాయి.

గుర్తులు ఇవి: కింది కనురెప్ప లోపల, నాలుక, అరచెయ్యి, గోళ్ళు పాలిపోవడం. ఆటలో తొందరగా అలసిపోవడం, ఆయాసం. ఆకలి లేకపోవడం, చిరాకు, చదువు మీద ధ్యాస లేకపోవడం. మట్టి, బలపం, పచ్చి బియ్యం తినడం. ఇవి చెడ్డ అలవాట్లని కొట్టకండి, పరీక్ష చేయించండి. ఐదేళ్ళ లోపు పిల్లలకి 11 కంటే తక్కువుంటే రక్తహీనత. 7 కంటే తక్కువైతే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

ఆరు నెలలు దాటిన పిల్లలకి వారానికి రెండుసార్లు ఐరన్ సిరప్, ఒకటి నుంచి ఐదో తరగతి దాకా వారానికి ఒక గులాబీ మాత్ర, ఆరో తరగతి నుంచి నీలం మాత్ర ఉచితంగా ఇస్తారు. నులిపురుగుల మాత్ర ఏడాదికి రెండుసార్లు వేయించాలి. రక్తం తగ్గిన పిల్లలకి ఎంత మందు వెయ్యాలో డాక్టరే చెప్పాలి. విరేచనం నల్లగా వస్తే భయపడకండి, అది మందు వల్లే. మాత్రలు పిల్లలకి అందకుండా దాచండి, ఎక్కువ మింగితే ప్రాణానికే ముప్పు. ఆకుకూర, పప్పు మీద నిమ్మకాయ పిండితే ఇనుము బాగా ఒంటికి పడుతుంది. అన్నంతో పాటు టీ తాగితే పట్టదు. కొండ ప్రాంతం పిల్లలకి సికిల్ సెల్ పరీక్ష కూడా చేయించాలి, ఆ జబ్బు ఇనుముతో తగ్గదు.

మందు, తిండి సరిగ్గా పడితే మూడు నెలలకి మా గుంట 11న్నర దాటింది. ఇప్పుడు బడి నుంచి వచ్చి ఆటకి పోతోంది. నేను మాత్రం నా మాత్రలు మధ్యలో మానేశాను, మళ్ళీ మొదలుపెట్టాను. పిల్లల కోసం పరుగెత్తి మనల్ని మనం మర్చిపోతాం. తల్లికి రక్తం లేకపోతే పుట్టే బిడ్డకీ తక్కువే నిల్వ ఉంటుంది.

అందుకే నా మనవి ఒకటే. నెల సమావేశంలో పొదుపు కట్టాక, పిల్లల చేతులూ మన చేతులూ ఒక దగ్గర పెట్టి చూసుకుందాం. ఒక్క తల్లి చేతితో పోలిస్తే నేను మోసపోయినట్టే మోసపోతాం. పదిమంది చేతులుంటే తేడా తెలుస్తుంది. అనుమానం ఉన్నవాళ్ళని ఆ వారంలోనే పరీక్షకి పంపుదాం.