కరెంటు పోయింది, కిటికీలు మిగిలాయి

కిందటి వేసవిలో ఏర్పేడులో మా ఇంట్లో కూర్చుని పని చేసుకుంటున్నా. విమ్‌లో ఏడు ఫైళ్లు తెరిచున్నాయి. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. "వస్తాదిలేరా, ముందు అన్నం తిను" అంది అమ్మ. సెషన్లు దాచే అబ్సెషన్ ప్లగిన్ ఉంది కదా, నాకేం భయమని ధీమాగా తిన్నాను.

కరెంటొచ్చాక చూస్తే ఏడు ఫైళ్లూ వాటి వాటి కిటికీల్లో బుద్ధిగా కూర్చున్నాయి. సేవ్ చెయ్యకుండా అరగంటసేపు రాసిన కోడు మాత్రం లేదు!

తప్పు ప్లగిన్‌ది కాదండీ, చరిత్ర తెలియని నాది. 1976లో బిల్ జాయ్ బర్కిలీలో వీఐ రాసేనాటికి ఇంటినుంచి పనంటే టెలిఫోను లైన్ల మీద 300 బాడ్ మోడెమే. లైను తెగితే రాసినదంతా గోవిందా. అందుకే ఆ ఎడిటర్ సేవ్ చెయ్యని పాఠ్యాన్ని పక్కన దాచి, "మీ ఫైలు భద్రం" అని మెయిల్ కూడా పంపేది. 1991లో బ్రామ్ మూలెనార్ విడుదల చేసిన విమ్‌లో ఆ పని స్వాప్ ఫైలుది: 200 అక్షరాలు కొట్టినా, 4 సెకన్లు ఊరుకున్నా డిస్కు మీదికి రాసేస్తుంది.

సెషన్లు ఆ తర్వాతెప్పుడో 1998లో, 5.2 వెర్షన్లో వచ్చాయి. సెషన్ ఫైలు గుర్తుపెట్టుకునేది ఏ ఫైలు ఏ కిటికీలో ఉందో, కర్సర్ ఎక్కడుందో. అంతే. టిమ్ పోప్ రాసిన అబ్సెషన్ ఆ ఫైలుని ఎప్పటికప్పుడు తాజాగా ఉంచుతుంది. అంటే పుస్తకంలో పెట్టిన నెమలీక లాంటిదన్నమాట. పేజీ చూపిస్తుంది, చిరిగిన కాగితాన్ని అతకదు.

మరి నా స్వాప్ ఫైలేమైంది? ఫోల్డర్ల నిండా చెత్త పేరుకుంటోందని ఎప్పుడో నేనే ఆపేశాను. ప్లగిన్ ఉండగా ఈ పాత చాదస్తం ఎందుకనుకున్నా!

ఇప్పుడు నా అమరిక ఇదీ: స్వాప్ ఫైళ్లు మళ్ళీ మొదలుపెట్టి, అన్నిటినీ ఒకే ఫోల్డర్లోకి మళ్ళించాను. ప్రాజెక్టుకోసారి అబ్సెస్ ఆదేశం ఇస్తాను. సెషన్ ఆప్షన్స్ జాబితాలోంచి ఆప్షన్స్ అన్న మాట తీసేశాను, లేకపోతే పాత సెట్టింగులు సెషన్‌తోపాటు తిరిగొచ్చి కొత్తవాటి మీద కూర్చుంటాయి.

పాతదాన్ని పీకేసేముందు అదెందుకు పెట్టారో కనుక్కోవాలని అరగంట కోడు పోగొట్టుకుని నేర్చుకున్నా. మీ విమ్‌ఆర్‌సీ కూడా ఓసారి చూసుకోండి మరి.