ఒకే మందు - రెండు పురుగులు

గౌతమీ గోదావరి ఒడ్డున గల యానాము 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో నుండెను. చుట్టుప్రక్కల గ్రామములు ఆంగ్లేయుల పాలనలో నుండెడివి. పాలకులు వేరైనను దోమకు ఎల్లలు లేవు. ఈ డెల్టా ప్రాంతమున బోదకాలు చిరకాలముగా తెలిసిన వ్యాధి. మురుగునీట పెరుగు క్యూలెక్సు దోమ దీనిని వ్యాపింపజేయును.

ఉకరేరియా అను దారమువంటి పురుగు ఈ వ్యాధికి ముఖ్యకారణము. దాని పిల్లలు రాత్రివేళ రక్తములో అధికముగా కనబడును. కావుననే పరీక్షకు రాత్రి రక్తము తీయుట ఆచారమైనది. ఈ పురుగు కాలును పాడుచేయునే గాని సాధారణముగా మెదడు జోలికి పోదు.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వము వహించిరి. అచటి బృందము 1947లో డైఇథైల్ కార్బమజీన్ అను మందును వెల్లడించెను. అది రక్తములోని పురుగుపిల్లలను శీఘ్రముగా నశింపజేయును. మరుసటి యేడే సుబ్బారావు మరణించిరి. 2004లో మన దేశమున బోదకాలు గల జిల్లాలలో ఏటేటా ఈ మందును ప్రజలందరిచేత మింగించు కార్యక్రమము ఆరంభమైనది.

అయితే మధ్య ఆఫ్రికా అడవులలో ఈ పురుగుకు జ్ఞాతి యొకటి కలదు. దాని పేరు లోవా లోవా. పగలు కుట్టు ఒక జాతి ఈగ దానిని మోయును. ఎదిగిన పురుగు ఒక్కొక్కప్పుడు కంటి తెల్లగుడ్డుపై ప్రాకుచు కనబడును. దాని పిల్లలు రక్తములో అత్యధికముగా గల రోగికి ఇదే మందు నిచ్చినచో, కొద్ది రోజులలో మతి తప్పి, స్పృహ కోల్పోయి, మరణము సైతము సంభవింపవచ్చును. అసంఖ్యాకముగా ఒక్కసారి చచ్చిన పిల్లలు మెదడులోని సన్నని రక్తనాళములను అడ్డగించి వాపు కలిగించుటయే ఇందుకు కారణమని భావింపబడుచున్నది. పురుగు చేయని కీడును దాని చావు చేయుచున్నదన్నమాట!

నదీ తీరములలో అంధత్వము కలిగించు మరొక పురుగుకై ఐవర్‌మెక్టిన్ పంచినప్పుడును కామెరూన్‌లో ఇట్టి ఆపదయే ఎదురైనది. అందుచే 2015లో అచటి ఒకోలా ప్రాంతమున, ఫోనుకు అమర్చిన సూక్ష్మదర్శినితో ముందుగా పిల్లలను లెక్కించిరి. మిల్లీలీటరు రక్తములో ఇరువది వేలకు మించినవారికి మందు నీయలేదు. తక్కిన 15 వేలమందికి పైగా మందు పుచ్చుకొనిరి; ఒక్కరికిని మెదడు దెబ్బతినలేదు.

గోదావరి తీరమున లోవా లోవా లేదు. కావున ఇచట ఆ భయము లేదు. మందు పిమ్మట కొందరికి కలుగు జ్వరము, తలనొప్పి త్వరలోనే తగ్గిపోవును. మందు గుణమెరిగిన చాలదు. రక్తములో నున్నది ఏ పురుగో, ఎంత యున్నదో ఎరుగుటయు వైద్యములో భాగమే.